కంటిలో గాలి బుడగ

అశోక్ నగర్‌లోని మా ఇంటికి పరామర్శకు వచ్చిన బంధుమిత్రులందరిదీ ఒకే మాట: “కంటి ఆపరేషనే కదా! శుక్లం తీయించుకున్నవారు రెండు రోజులకే విమానం ఎక్కుతున్నారు.” అది అబద్ధమేమీ కాదు. కాని మా అబ్బాజాన్‌కు జరిగింది శుక్లం శస్త్రచికిత్స కాదు. కంటి వెనుక ఊడిపోయిన రెటీనా పొరను తిరిగి అతికించి, అది కదలకుండా అదిమిపట్టేందుకు లోపల వాయువు నింపారు. ఉమ్రా ప్రయాణానికి అప్పటికి పద్దెనిమిది రోజులే మిగిలి ఉన్నాయి. ఏళ్ల తరబడి పింఛనులో కూడబెట్టిన సొమ్ముతో తీసుకున్న టికెట్లవి.

బుడగ కరిగేదాకా విమానం ఎక్కరాదని వైద్యురాలు ఖండితంగా చెప్పారు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి పీడనం 6,000 నుండి 8,000 అడుగుల కొండపై ఉన్నట్లు ఉంటుంది. పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది. హైదరాబాదులో నింపిన బుడగ 8,000 అడుగుల స్థితిలో దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. కన్ను సాగే సంచి కాదు. లోపలి ఒత్తిడికి రెటీనా రక్తనాళం మూసుకుపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఎత్తైన ఘాట్ రోడ్లూ అంతే ప్రమాదకరం.

“ఎయిర్‌పోర్టులో కన్ను ఎవరు చూస్తారు సాబ్?” అని ప్రయాణం ఏర్పాటు చేసినాయన ధైర్యం చెప్పాడు. మమ్మల్ని భయపెట్టింది సరిగ్గా ఆ మాటే. శంషాబాద్‌లో ఎవరూ పట్టుకోలేరు; జిద్దా వెళ్లే విమానంలో ఆకాశం మధ్య నొప్పి మొదలైతే దిగేందుకు చోటుండదు.

శస్త్రచికిత్సలన్నిటికీ ఒకే గడువు లేదు. బ్రిటన్ వైద్య సేవా సంస్థ సూచనల ప్రకారం సాధారణ శుక్లానికి ఒక రోజు, చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్లకు ఒకటి రెండు రోజులు, పెద్ద ఉదర శస్త్రచికిత్సకు పది రోజులు ఆగాలి. మోకీలు మార్పించుకున్నవారి చిక్కు వేరు: కదలక కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది. కంటి వాయువులోనూ రకాలున్నాయి. ఒకటి రెండు వారాల్లో కరిగితే, మరొకటి ఆరు నుండి ఎనిమిది వారాలు నిలుస్తుంది. వాయువుకు బదులు సిలికాన్ నూనె నింపినవారికి ఈ ఇబ్బంది లేదు. అందుకే ఏది నింపారో డిశ్చార్జి కాగితంపై రాయించుకున్నాం. బుడగ ఉన్నన్నాళ్లూ చేతి పట్టీ తీయలేదు. మరో ఆపరేషన్ అవసరమై నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇస్తే బుడగ ఉబ్బుతుందట.

అబ్బాజాన్‌ను ఒప్పించింది మాత్రం మా పీడనాల లెక్క కాదు. హజ్ అంతటి విధికే స్తోమత షరతు. ఆ స్తోమతలో దేహారోగ్యం కూడా ఉందని ఉలమాలు చెబుతారని మా అమ్మీ గుర్తుచేశారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వారం రోజులు ముఖం కిందికే ఉంచాలన్న వైద్యురాలి ఆదేశం తలచుకొని, “నన్ను సజ్దాలోనే ఉంచారు” అని నవ్వారు.

టికెట్ల సొమ్ములో సగం తిరిగి రాలేదు. చూపు అడుగున నీటిమట్టంలా ఊగే గీత ఎంత దిగిందో ఫజ్ర్ తరువాత ఆయనే రోజూ చెబుతున్నారు. ఈ ఉదయం బఠానీ గింజంత మిగిలిందన్నారు. బుధవారం డాక్టరు చూడాలి. కొత్త తేదీలు ఇంకా అడగలేదు.