గ్లామిస్ ఇసుక తిన్నెలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దు వరకు వ్యాపించి అల్గోడోనెస్ అనే ఇసుక తిన్నెల శ్రేణి ఉన్నది. దీని పొడవు సుమారు 45 మైళ్లు, వెడల్పు 6 మైళ్లు. కొన్ని తిన్నెలు 300 అడుగుల ఎత్తు ఉంటాయి. పూర్వపు కహుయిల్లా సరస్సు తీరపు ఇసుకను గాలి మోసుకువచ్చి ఇక్కడ పోగుచేసిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రైలు మార్గం పక్కనున్న గ్లామిస్ అనే చిన్న స్థలం పేరుతోనే వాహన ప్రియులు ఈ ప్రాంతాన్నంతటినీ వ్యవహరిస్తారు.

గత శీతాకాలంలో శాన్ డియేగోలోని మా మేనల్లుని ఇంట కొన్ని వారాలు గడిపినప్పుడు ఈ ప్రాంతాన్ని చూసే అవకాశం కలిగింది. 8వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి రాతి కొండలనెక్కి, అటుపిమ్మట ఇంపీరియల్ లోయలోకి దిగుతుంది. సముద్ర మట్టానికి దిగువనున్న ఈ ఎడారి నేలకు కొలరాడో నది నీటిని ఆల్ అమెరికన్ కాలువ తెచ్చి ఇస్తున్నది. ఆ పచ్చని చేలను చూస్తే మన డెల్టా ప్రాంతం స్ఫురించక మానదు. బ్రాలీ పట్టణం దాటి 78వ నంబరు రహదారిపై తూర్పుగా సాగితే చేలు ముగిసి ఇసుక ప్రారంభమవుతుంది. రహదారికి ఉత్తరాన ఉన్న తిన్నెలలో చాలా భాగాన్ని 1994లో చట్టం ద్వారా అరణ్య ప్రాంతంగా ప్రకటించి వాహనాలను నిషేధించారు. వాహన విహారం ఎక్కువగా దక్షిణ భాగంలోనే. ఈ ఇసుకను దాటడానికి 1915లో చెక్క పలకలతో బాట వేశారు. 1926లో పక్కా రోడ్డు వచ్చే వరకు మోటారు కార్లు ఆ పలకల బాట మీదనే నడిచాయి.

మా మేనల్లుడు నడిపేది స్పోర్ట్ క్వాడ్. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలు వంటి హ్యాండిలు, ఒక్కరికే ఆసనం. వెనుక ఇరుసుకంతటికీ కలిపి ఒకే షాక్ అబ్జార్బరు ఉంటుంది. వేలాది వాహనాలు తిరిగిన చోట ఇసుక అలలు అలలుగా లేచి గతుకుల వరుసలు ఏర్పడతాయి. అంతకు ముందు ఏడాది అటువంటి వరుసలోనే బండి వెనుక భాగం ఎగిరిపడి, అతడు హ్యాండిలు మీదుగా ముందుకు పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. బండిని అమ్మివేయమని మా కోడలు పట్టుపట్టింది. ఖరీదైన కొత్త షాక్ బిగిస్తే సరిపోతుందని అతని వాదన. మూడు దశాబ్దాలు మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసినవాడినని నన్ను మధ్యవర్తిగా నిలబెట్టారు.

“మామయ్యా, స్ప్రింగు రింగును చివరి వరకు బిగించాను. అయినా తంతూనే ఉంది” అన్నాడతను.

“ముందు కొలిచి చూద్దాం. కొనడం సంగతి తరువాత” అన్నాను.

పక్క గుడారంలోని వృద్ధ మెకానిక్ ఒకరు సహాయానికి వచ్చారు. మొదట బండిని జాకీపై లేపి, వెనుక చక్రాలు గాలిలో ఉండగా ఇరుసు నుండి వెనుక గ్రాబ్ బారు వరకు టేపుతో కొలిచారు. నేల మీదకు దించి, బండి తన బరువుకు తాను ఎంత కుంగుతున్నదో చూశారు. పిమ్మట మా మేనల్లుని హెల్మెట్, బూట్లతో సహా కూర్చోబెట్టి మరల కొలిచారు. చక్రం మొత్తం కదలికలో సుమారు మూడో వంతు, అనగా 10 అంగుళాల కదలికకు 3 అంగుళాల పైచిలుకు, మనిషి కూర్చున్నప్పుడు కుంగాలి. ఇక్కడ ఆ లెక్క సరిగానే వచ్చింది. కాని మనిషి లేనప్పుడు బండి అసలు కుంగడమే లేదు. రహస్యం అక్కడే ఉన్నది. స్ప్రింగు మనిషి బరువుకు చాలని మెత్తనిది. దానిని రింగుతో అతిగా నొక్కిపెట్టినందున, బరువు తొలగిన క్షణాన వెనుక భాగాన్ని పూర్తిగా పైకి నెట్టివేస్తున్నది. పాత యజమాని తేలికైన మనిషి అట.

రెండవ లోపం రీబౌండ్ మరలో కనబడింది. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని షాక్‌లోని నూనె సన్నని దారిలో ప్రవహించి అదుపు చేస్తుంది. ఆ దారి పూర్తిగా తెరిచి ఉన్నది. మరీ వేగంగా లేస్తే బండి తంతుంది. మరీ నెమ్మదిగా లేస్తే తరువాతి గతుకు వచ్చేసరికి షాక్ ఇంకా తేరుకోక, గతుకు గతుకుకు కిందికి దిగిపోతుంది. ఆయన ఒకసారికి రెండు క్లిక్కుల చొప్పున మరను బిగించి, ప్రతిసారి అదే గతుకుల మీద నెమ్మదిగా నడిపించి చూశారు. ఒకేసారి రెండు మరలు తిప్పితే ఏది పనిచేసిందో తెలియదని ఆయన హెచ్చరిక. ఆ సాయంత్రానికి తన్నుడు చాలావరకు తగ్గింది. అయినను సరైన స్ప్రింగు పడేవరకు పెద్ద తిన్నెల జోలికి పోరాదని తీర్మానించుకున్నాము.

ఇంటికి వచ్చాక అతని బరువుకు తగిన గట్టి స్ప్రింగు తెప్పించి, దానికి అనుగుణంగా లోపలి వాల్వులను సవరింపజేసి, పాత నూనెను మార్పించాము. లోపల అధిక పీడనంలో నైట్రోజన్ ఉంటుంది గనుక ఆ పని నిపుణులకే అప్పగించాలి. మరల కొలిస్తే మనిషితోను, మనిషి లేకుండాను కుంగుదల సరిపోయింది. కొత్త షాక్ వ్యర్థమని నా భావం కాదు. గంటల తరబడి వేగంగా నడిపేవారికి నూనె వేడెక్కి పలుచబడుతుంది. అటువంటి వారికి ఎక్కువ నూనె పట్టే పెద్ద రిజర్వాయరు గల షాక్ ఉపయోగమే. కాని కొలత తప్పితే ఎంత ఖరీదైనదైనా తన్నక మానదు.

మన ఇళ్లలోని మోటారు సైకిళ్లకు కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది. వెనుక మనిషిని కూర్చోబెట్టుకున్నప్పుడు షాక్ కింది మెట్ల రింగును ఒకటి రెండు మెట్లు బిగించి, ఒంటరిగా వెళ్లేటప్పుడు తిరిగి వదులుచేసేవారు మనలో ఎందరు?

గ్లామిస్ చూడదలచినవారికి అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం. వేసవి ఎండ దుర్భరం. నవంబరులో థ్యాంక్స్ గివింగ్ సెలవులకు విపరీతమైన జనసమ్మర్దం ఉంటుంది. క్వాడ్ ఎక్కేవారికి హెల్మెట్ తప్పనిసరి. తిన్నె అవతలివారికి కనబడేలా బండికి పొడవాటి జెండా కర్ర కట్టాలి. వాహనం ఎక్కని మావంటి వారికి 78వ నంబరు రహదారి పక్కనున్న ఆస్‌బోర్న్ ఓవర్‌లుక్ నుండి సూర్యాస్తమయ దర్శనం చాలు. మా కోడలు అక్కడే నిలబడి, చివరి రోజున మాత్రం భర్త జెండా ఏ తిన్నె మీద ఉన్నదో వెదకడం మాని ఆకాశాన్ని చూసింది.