ఏ ఘణపూర్ అని అడిగేవాళ్లు కావాలి

ఇక్కడ అమెరికాలో మనవాళ్లు ఏ నలుగురు కలిసినా ఈమధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. లైబ్రేరియన్లకు ఇక కాలం చెల్లిందట, ఏది కావాలన్నా ఫోన్‌ను అడిగితే క్షణంలో చెబుతుందట. విని విని విసుగొచ్చింది. ఈ మాట అనేవాళ్లకు ఇక్కడి లైబ్రరీలంటే గౌరవం లేక కాదు. పిల్లలను వారం వారం తీసుకెళ్తారు, సంచుల నిండా పుస్తకాలు తెచ్చుకుంటారు. మన ఊళ్లోని గ్రంథాలయం సంగతి ఎత్తితే మాత్రం 'అక్కడేముంది, పేపర్లు చదువుకునే చోటు' అని తీసిపారేస్తారు. ఇక్కడిదాన్ని పొగిడినా, అక్కడిదాన్ని తీసిపారేసినా వాళ్ల దృష్టిలో లైబ్రరీ అంటే పుస్తకాలున్న గదే. ప్రశ్న పట్టుకొని వచ్చినవాళ్ల పక్కన కూర్చొని, ఆ ప్రశ్న అసలు ఏమిటో వాళ్లతో కలిసి తేల్చే మనిషి ఒకరు ఉంటారనీ, ఆ మనిషికి ప్రత్యేకమైన నేర్పు కావాలనీ ఎవరికీ తోచదు. ఆ నేర్పులో ముప్పావు వంతు ఎదురు ప్రశ్న వేయడంలోనే ఉందని నా వాదన.

వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్‌నే తీసుకుందాం. 'ఘణపూర్ చరిత్ర మీద ఏమైనా ఉందా?' అని ఒకరు వచ్చి అడిగారనుకోండి. ఏ ఘణపూర్? జనగామ జిల్లాలో స్టేషన్ ఘణపూర్ ఉంది. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లు ఉన్న గణపురం ఉంది, దాన్నీ ఘణపూర్ అనే రాసినవాళ్లున్నారు. చెరువు పేరు చెబితే తేలిపోతుందా అంటే అదీ లేదు. ఆ గణపురంలో గణపసముద్రం ఉంది, ఖిల్లా ఘణపూర్‌లోనూ గణపసముద్రం ఉంది, రెండూ కాకతీయుల కాలానివే. ఎదురు ప్రశ్న వేయకుండా ఇచ్చిన జవాబు ఎంత వివరంగా ఉంటే అంత ప్రమాదం. ఒక ఊరి గుడి, ఇంకో ఊరి చెరువు, మూడో ఊరి కోట కలిసిపోయి, ఎక్కడా లేని నాలుగో ఊరు తయారవుతుంది. అలా తయారైనది ఒకసారి అచ్చయిందంటే, తర్వాత రాసేవాళ్లకు అదే ఆధారమైపోతుంది.

ఊరు తేలాక చరిత్రలో ఏ ముక్క కావాలో తేల్చాలి. ఖిల్లా ఘణపూరే అనుకుందాం. పదమూడో శతాబ్దంలో అక్కడి గుట్టల మీద కోట కట్టించింది కాకతీయ సామంతుడు గోన గణపరెడ్డి అని ప్రసిద్ధి. అడగడానికి వచ్చినవాళ్లు 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమా చూసి, అందులోని గోన గన్నారెడ్డి నిజంగా ఎవరో తెలుసుకోవాలనుకుంటూ ఉండవచ్చు. అడవి బాపిరాజు నవల చదివి, అందులో కల్పన ఎంతో చూద్దామనుకుంటూ ఉండవచ్చు. గోన వంశం పేరు మీద వచ్చారు కాబట్టి, వాళ్లకు అసలు కావలసింది గోన బుద్ధారెడ్డి, రంగనాథ రామాయణ కర్తృత్వం మీది వాదం కావచ్చు. కాదు, చెరువు కింద ఆయకట్టు సంగతి కావచ్చు. ఒకరికి శాసనాల సంపుటం కావాలి, ఒకరికి సాహిత్య చరిత్ర, ఇంకొకరికి నీటిపారుదల శాఖ కాగితాలు. అందరూ అడిగింది మాత్రం 'ఘణపూర్ చరిత్ర' అనే. రాబర్ట్ టేలర్ అనే అమెరికన్ 1968లో ఈ సంగతినే శాస్త్రంగా చెప్పాడు. మనిషి లోపల మొదట మాటలకు అందని వెలితి ఉంటుంది, అది నెమ్మదిగా మాటల్లోకి వస్తుంది, లైబ్రేరియన్ బల్ల దగ్గరికి వచ్చేసరికి 'వీళ్ల దగ్గర ఏముంటుందో' అని తనే ఊహించుకొని ప్రశ్నను కుదించి అడుగుతాడు. ఆ కుదింపును విప్పడమే లైబ్రేరియన్ పని.

ఈ విషయంలో అమెరికావాళ్లను మెచ్చుకోక తప్పదు. మసాచుసెట్స్‌లోని వూస్టర్ లైబ్రరీలో పనిచేసిన శామ్యూల్ గ్రీన్, పాఠకుడితో లైబ్రేరియన్ స్వయంగా మాట్లాడి సాయం చేయాలని 1876లోనే వాదించాడు. అందుకోసం విడిగా బల్ల వేసి, మనిషిని కూర్చోబెట్టి జీతమిచ్చారు. అయితే ఆ బల్ల ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. పరీక్షిస్తున్నట్టు తెలియనీయకుండా ప్రశ్నలు అడిగించి చూసిన పరిశోధకులు హెర్నన్, మెక్‌క్లూర్ 1986లో తేల్చిందేమిటంటే, సరైన జవాబులు సుమారు 55 శాతమే. మేరీలాండ్ రాష్ట్రంలో ఆ దశకంలోనే జరిగిన పరిశీలనలోనూ దాదాపు ఇంతే వచ్చింది. అక్కడ తర్వాత సిబ్బందికి ఇచ్చిన శిక్షణలో ముఖ్యమైనవి రెండే. మొదట ప్రశ్నను విప్పి అడగడం, చివర 'మీకు కావలసింది పూర్తిగా దొరికిందా?' అని మళ్లీ అడగడం. ఆ శిక్షణ పొందినచోట సరైన జవాబులు బాగా పెరిగాయి. కొత్త భవనాలు, కొత్త పుస్తకాలు తేలేని మార్పును రెండు ప్రశ్నలు తెచ్చాయి. ఇక్కడి అద్దాల మేడలు చూసి మన గ్రంథాలయాలను చిన్నచూపు చూసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పాఠకుడి సమయం ఆదా చేయమని 1931లోనే తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటిగా చెప్పిన రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియనే కదా. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1901లో, నిజాం పాలనలో, ప్రభుత్వ అండ లేకుండా పుట్టిందే కదా.

నిజానికి రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి కొలవడంలో అర్థం లేదు. వాళ్లది రెండు శతాబ్దాలుగా ఎక్కువగా ఒకే భాషలో, ఒకే క్యాలెండర్‌లో నడిచిన రికార్డు. మనది అలా కాదు. కాగితం ఏ భాషలో, ఏ లెక్కలో రాశారో ముందు తేల్చుకోవాలి. పైగా మనదాంట్లో అచ్చులోకి ఎక్కనిది చాలా ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకప్పుడు ఒకరు రాశారు. దానికి గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన జవాబును నేను పరిశోధన సేవకు పెద్ద ఉదాహరణగా చెబుతాను. వాదనకు దిగి ఊరుకోలేదు. గోలకొండ పత్రిక ద్వారా కవుల పద్యాలు, వాళ్ల వివరాలు తెప్పించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక వేశారు. 'కవులు లేరు' అన్న మాటలో దాగిన ప్రశ్న 'అచ్చులో కనిపించని కవులను ఎక్కడ వెతకాలి' అన్నది. ఆయన ఆ ప్రశ్నకు జవాబిచ్చారు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోనూ అదే చూపు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నదానికి రాజుల వంశావళుల్లో జవాబు ఉండదని గ్రహించి కావ్యాల్లో వెతికారు. ఏ ప్రశ్నకు ఏ చోట జవాబు ఉంటుందో పసిగట్టడం, అదీ ఎవరూ అనుకోని చోట, లైబ్రేరియన్‌కు ఉండవలసిన రెండో నేర్పు.

ఈ రెండో నేర్పు మన ప్రాంతంలో ఎంత అవసరమో చూడండి. 2016 అక్టోబరు 11కు ముందు వనపర్తి జిల్లా లేదు. ఖిల్లా ఘణపూర్ మీద అంతకుముందు అచ్చయిన జనాభా లెక్కలు, గెజిటీరు, శాసన సంపుటాలు అన్నీ మహబూబ్‌నగర్ పేరు కిందే ఉంటాయి. 'వనపర్తి జిల్లా' అని వెతికినవాళ్లకు ఏమీ దొరకదు, ఏమీ లేదని వెళ్లిపోతారు. విదేశాల నుంచి తాతల భూమి సంగతి అడిగేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 1948కి ముందు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఫస్లీ అనే రెవెన్యూ లెక్క సంవత్సరాల్లో ఉంటాయి. '1340' అని కనిపిస్తే మధ్యయుగం అనుకోకూడదు, 590 కలపాలి. అప్పుడు 1930 వస్తుంది. అదీ సగమే నిజం, ఎందుకంటే నిజాం రాజ్యంలో ఫస్లీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి, మిగిలిన నెలలు 1931లో పడతాయి. భూమి రికార్డుల్లో సేత్వార్ అంటే ఏమిటో, 1954-55 ఖాస్రా పహాణీ ఎందుకు ముఖ్యమో, ఏది తహసీల్ ఆఫీసులో అడగాలో, ఏది తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలో చెప్పగలిగినవాళ్లు ఒక మనిషికి నెలల తిరుగుడు తప్పిస్తారు. ఫోన్ ఇవన్నీ చెప్పదా అంటారు. అడిగితే చెబుతుంది, కొన్నిసార్లు సరిగ్గానే చెబుతుంది. ఫస్లీ అనే లెక్క ఒకటి ఉందని తెలియని మనిషి దాని గురించి ఎలా అడుగుతాడు? ఏ ఘణపూర్ అని తిరిగి అడగకుండా ఏదో ఒక ఘణపూర్ గురించి ధీమాగా చెప్పేసేదాన్ని నమ్ముకొని ఊరి చరిత్ర రాయగలమా?

ఎదురు ప్రశ్నలు మనవాళ్లకు నచ్చవని, ఆరా తీస్తున్నారని అనుమానిస్తారని ఇంకో అభ్యంతరం. ఇందులో న్యాయం ఉంది. భూమి సంగతి అడిగినవాణ్ణి 'ఎందుకు?' అంటే నోరు మూసుకుంటాడు. అందుకే ఆ పదం వాడకూడదు. 'ఇప్పటికి మీ దగ్గర ఏ కాగితాలున్నాయి? ఎక్కడ ఆగిపోయింది? ఏది దొరికితే మీ పని జరుగుతుంది?' అని అడిగితే ఎవరి గుట్టూ బయటపడదు, దారి దొరుకుతుంది. పరిశోధకులు బ్రెండా డెర్విన్, ప్యాట్రిసియా డ్యూడ్నీ చెప్పిన తటస్థ ప్రశ్నల పద్ధతి సారాంశం ఇదే. మన ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ తెంపేటప్పుడు అడిగే తీరు కూడా దీనికి దూరం కాదు. లైబ్రేరియన్ చరిత్రకారుడు కాదు కదా, ఇన్ని ఎలా తెలుస్తాయి అన్న ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. తెలియనక్కరలేదు. ఖిల్లా ఘణపూర్ పేరు కాకతీయ రాజు గణపతిదేవుడి వల్ల వచ్చిందా, గణపరెడ్డి వల్లా అని అడిగితే తీర్పు చెప్పడం లైబ్రేరియన్ పని కాదు. ఎవరు ఏ ఆధారంతో ఏమన్నారో ముందు పెట్టి, ఆధారం లేనిచోట లేదని చెప్పి ఆగాలి. తెలిసినట్టు నటించడం కంటే అలా ఆగడం కష్టం.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం, చిన్న ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తకాలే లేనప్పుడు ఈ నేర్పులెందుకు అన్నది. పుస్తకాలు తక్కువగా ఉన్నచోటే ఈ నేర్పు ఎక్కువ కావాలి. ఎక్కడుందో చెప్పగలిగితే లేని పుస్తకమూ అందుతుంది. ఇంటిపన్నుతో పాటు జనం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. అందులోంచి జిల్లా గ్రంథాలయ సంస్థలు బీరువాలు కొన్నట్టే, ఒక ప్రశ్నల రిజిస్టర్ పెట్టించవచ్చు. ఎవరు అడిగారో రాయనక్కరలేదు. ఏం అడిగారు, తిరిగి అడిగితే ఏం తేలింది, ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు, ఇంతే. ఖిల్లా ఘణపూర్ మీద పదేళ్ల పాటు అలా రాసిపెడితే, ఆ ఊరి చరిత్ర రాయబోయేవాళ్లకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని సూచిక తయారవుతుంది. ప్రవాసులం ఊరికి కంప్యూటర్లు, కుర్చీలు పంపుతుంటాం. ఒక గ్రంథపాలకుడికి ఉర్దూ చదవడం, ఫస్లీ లెక్క, శాసన సంపుటాల సూచికలు చూడటం నేర్పించే శిక్షణకు అందులో సగం ఖర్చు కూడా కాదు, దాన్ని భరిస్తామని ముందుకొచ్చేవాళ్లుంటే నేనూ వాళ్లలో ఉంటాను.