కోబే రేవులో ఒక మేడ

డర్బన్ నుండి జపాను వెళ్లినప్పుడు ఒసాకాలోని మిత్రుల ఇంట శని, ఆదివారాలు గడిపాము. శనివారం నారాలో మహాబుద్ధుని దర్శించుకున్నాము. 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు భారతదేశపు భిక్షువు బోధిసేనుడు. అక్కడి జింకలు మా చేతిసంచిని వదలలేదు.

ఆదివారం కోబే. మిత్రులు కొండమీది తోటలు చూపదలచారు. వలసదారుల కేంద్రమే చూడాలని మేము పట్టుబట్టాము. 1928లో తెరచిన ఆ మేడలో బ్రెజిలుకు పోయే కుటుంబాలు ఓడ ఎక్కేముందు కొన్నాళ్లు బస చేసేవి. వైద్య పరీక్షలు, కాస్త పోర్చుగీసు పాఠాలు కూడా అక్కడే. అంతకు ముందే, 1908లో, కసాటో మారు అనే తొలి ఓడ కోబే నుండి కాఫీ తోటలకు కూలీలను తీసుకుపోయింది. మద్రాసు నుండి ట్రూరో ఓడ నేటాలు చెరకు తోటలకు మనవారిని తెచ్చినది 1860లో. వారికి ఏ భాషయినా నేర్పి పంపినట్లు మా ఇంట ఎవరూ చెప్పగా వినలేదు.

మిత్రురాలి తాతగారి అన్న ఆ మేడ నుండే వెళ్లారట. ఆయన ఉత్తరాలు నేటికీ వారింట భద్రంగా ఉన్నాయి. మాకు మిగిలినది ఓడ జాబితాలో ముత్తాతగారి పేరు, ఒక సంఖ్య మాత్రమే.

"మీ ముత్తాతగారి తల్లి ఉత్తరం కోసం ఎన్నేళ్లు ఎదురుచూసి ఉంటారు?" అని ఆమె అడిగారు. ఆ తల్లి పేరు కూడా మాకు తెలియదు.