ముదిమిలోని పాట



గొంతు బాగున్ననే గాని పాట పాడరాదని మన యిండ్లలో నొక కట్టుబాటు వంటిది గలదు. పెండ్లిచూపులనాడు పిల్లచేత పాడింతుము. పేరంటమున నొక మంగళహారతి, బొమ్మలకొలువున నొక కీర్తన పాడించి సంతసింతుము. అటుపిమ్మట సంసారభారము మీద పడును. కాన్పులు, జబ్బులు, వయస్సు వచ్చి గొంతు మారును. అప్పుడామె తనంతట తానే పాట మానుకొనును. మనమును అడుగుట మానుదుము. ఈ యాచారము న్యాయమైనదేనా యని నన్నాలోచింపజేసినది ఒక యమెరికా దేశపు వృద్ధ గాయకుని పాటల సంపుటము. దానిని గూర్చియే యీ నాలుగు మాటలు.

ఆయన పేరు జాన్ ప్రైన్. 1946లో చికాగో నగరము చెంతనున్న మేవుడ్ అను నూర జన్మించెను. తల్లిదండ్రులు కెంటకీ రాష్ట్రపు పల్లెసీమనుండి వచ్చినవారు. 14వ యేట అన్నగారివద్ద గిటారు నేర్చెను. కొంతకాలము సైన్యమునను, ఇంటింటికి ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగమునను పనిచేసెను. వీధుల వెంట నడచుచు మనసులోనే పాటలు కట్టుకొనెడివాడు. 1970లో రోజర్ ఈబర్ట్ అను ప్రసిద్ధ సినిమా విమర్శకుడు ఆ పాటలు విని మెచ్చుకొని పత్రికలో వ్రాసెను. 1971లో మొదటి సంపుటము వెలువడెను. అందు వృద్ధదంపతుల యొంటరితనమును గూర్చిన పాట యొకటి, ఇంటిపనిలో నలిగి ఆశలుడిగిన యొక స్త్రీ తన కష్టము తానే చెప్పుకొను పాట యొకటి యున్నవి. వానిని వ్రాయునాటికి ఆయనకు పాతికేండ్లైన నిండలేదు. ఇతరుల యింటి గుమ్మములో ప్రతిదినము నిలువబడినవాడు గావున లోపలి నిట్టూర్పులు ఆయన చెవిని పడి యుండునని నాకు తోచును.

అమెరికా పల్లెజనుల పాటలనుండి పుట్టిన కంట్రీ, ఫోక్ అను రెండు ఫణితులు ఈయన పాటలో పాలు నీళ్లవలె కలిసియున్నవి. గిటారు తీగెలపై నెమ్మదియైన మీటు, మాట స్పష్టముగా వినబడు వరుస, ఒక చిన్న కథ. అంతకుమించి యాడంబరమేమియు లేదు. మన పెద్దలు కావ్యములను ద్రాక్షాపాకము, నారికేళపాకము అని విభజించిరి. నోట వేసికొన్నంతనే రసము తెలియునది మొదటిది; పెంకు పగులగొట్టినగాని దక్కనిది రెండవది. జాన్ ప్రైన్ పాట నిస్సంశయముగా ద్రాక్షాపాకము.

1998లో ఆయన మెడకు క్యాన్సరు సోకెను. శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు జరిగినవి. ప్రాణము దక్కెను గాని గొంతు మారిపోయెను. మునుపటి కంఠము పోయి, లోతైన గరుకు కంఠము వచ్చెను. తన పాత పాటలనే శ్రుతి తగ్గించి పాడుకొనవలసి వచ్చెను. 2013లో ఊపిరితిత్తికి మరల క్యాన్సరు వచ్చెను. ఆ చికిత్స ముగిసిన పిదప, మేడమెట్లు గబగబ ఎక్కి దిగి, ఆయాసము తీరకమునుపే గిటారు చేతబట్టి రెండు పాటలు పాడుటయే ఆయనకు వ్యాయామముగా నిర్ణయింపబడెను. ఆరు నెలలకు మరల సభలలో పాడసాగెను. గొంతు చెడినదని యాయన పాట మానలేదు. గొంతెంత మిగిలినదో అంతకు తగినట్లు పాటను దిద్దుకొనెను.

2005 తరువాత చిరకాలము ఆయన స్వంత పాటల క్రొత్త సంపుటము రాలేదు. 2017లో ఆయన భార్య ఫియోనాయు, కుమారుడు జోడీయు ఒక యుపాయము చేసిరి. నాష్‌విల్ నగరములోని యొక హోటలు గదిలో ఆయనను వారము దినములు కూర్చుండబెట్టి, పని ముగించుకొని రమ్మనిరి. నాలుగు గిటారులు, సగము వ్రాసి విడిచిన పాటల కాగితముల పెట్టెలు పది వెంట నిచ్చిరి. ఇంటి ఇల్లాలు తలచుకొన్న పని జరుగక యుండునా? 2018 ఏప్రిలులో “ద ట్రీ ఆఫ్ ఫర్‌గివ్‌నెస్” అను సంపుటము వెలువడెను. క్షమాతరువు అని మనము చెప్పుకొనవచ్చును. పాటలు పది, వినుటకు అరగంటకు కొంచెము పైన. అప్పటికాయన వయస్సు 71. అమెరికాలో అమ్మకముల పట్టికయందు 5వ స్థానమున నిలిచినది; ఆయన జీవితమున నంత మునుపెన్నడును లేదు.

మొదటి పాటలో తనవారు లేని యొంటరివాడొకడు పొరుగింటి జాలితలుపు తట్టుచుండును. వేసవి ముగియుటను గూర్చిన పాట మఱియొకటి. ఇంటికి రమ్ము, ఒంటరిగా నుండనక్కరలేదు అని యొకరిని బుజ్జగించి పిలుచుటయే దాని సారము. 2006లో గ్రహముల వరుసనుండి తొలగింపబడిన ప్లూటోను గూర్చి ఒక పాటలో జాలిపడును. పదవి పోయిన పెద్దమనిషిని చూచి నవ్వుచునే కన్నీరు తుడుచుకొన్నట్లుండును. హాస్యమునకు కరుణము విరోధియని మన యాలంకారికులు చెప్పిరి. నేనును చిన్ననాట తండ్రిగారివద్ద అట్లే చదివితిని. కాని యీ ముసలాయన పాటలో ఆ రెండును ఒకే పీటమీద కూర్చుండి భోజనము చేయుచున్నవి. మన యిండ్లలో మాత్రము జరుగుచున్నదేమి? శవము లేచిన యింట పదవ దినమున, పోయినవారి చమత్కారములు చెప్పుకొని నవ్వమా?

చివరి పాట స్వర్గమును గూర్చినది. తాను పైకి పోయిన పిదప ఏమేమి చేయుదునో అందు వరుసగా చెప్పును. దైవముతో చేయి కలుపునట. తల్లిదండ్రులను, పినతల్లులను, అన్నను వెదకికొనునట. తనకు కీడు చేసినవారినందరను క్షమించునట. మద్యమును, తొమ్మిది మైళ్ల పొడవుగల సిగరెట్టును గూడ కోరుకొనును. ఆ రెండును నాకు నచ్చలేదని దాపరికము లేక చెప్పుచున్నాను. ఐనను, వ్యాధివలన మానిన సిగరెట్టును స్వర్గములో వాయిదా వేసికొన్న యా ముసలివానిపై కోపము నిలువదు. ఈ పాటలోని చరణములను ఆయన పాడడు, మాటలుగా చెప్పును. పల్లవి మాత్రమే పాడును. రెండేండ్లు తిరుగకుండనే, 2020 ఏప్రిలు 7వ తేదీన కోవిడు వ్యాధివలన తన 73వ యేట ఆయన కన్నుమూసెను. మరణమును రెండుమార్లు గుమ్మములో చూచినవాడు గనుకనే అంత మెత్తగా మాటలాడగలిగెనని తలతును. ఆ మెత్తదనము పడుచు గొంతున కబ్బునది కాదు.

ఒకనాటి సాయంకాలము చేతి ఫోనులో ఆ పాటలు వినుచు బియ్యము ఏరుచుంటిని. మా అత్తగారు అరుగుమీద కూర్చుండి వినుచుండిరి. ఆమెకు ఇంగ్లీషు రాదు. కొంతసేపటికి “ఎవరమ్మా ఆయన? గొంతు అచ్చం నా గొంతులాగే ఉంది” అనిరి. నేను నవ్వితిని గాని, మఱుక్షణమున సిగ్గుపడితిని. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆమె ఊర్మిళాదేవి నిద్ర పాట యెంతో చక్కగా పాడెడివారు. నా పిల్లలు ఆ పాటతోనే నిద్రపోయిరి. దగ్గు పట్టి గొంతు బొంగురుపోయిన తరువాత ఆమె మానివేసిరి. ఇన్నేండ్లలో నేనొక్కమారైనను అడుగనైతిని. ఆ పాట మా యింట ఆమెకు తప్ప మఱెవ్వరికిని రాదు.

ఆ రాత్రి భోజనములైన పిదప అడిగితిని. “ఇప్పుడెందుకమ్మా” అనిరి. “ఆ ముసలాయన పాడలేదా అత్తయ్యా” అంటిని. మెల్లగా ఎత్తుకొనిరి. నడుమ రెండుమార్లు ఊపిరికై ఆగిరి. ఒకచోట చరణము మఱచి, కన్నులు మూసికొని వెదకికొనిరి. మా అమ్మాయి ప్రక్కన చేరి కదలక వినెను. పడుచుతనమున ఆమె పాడినపుడు నేను స్వరమును విన్నాను. ఆ రాత్రి ఊర్మిళను విన్నాను. మఱునాటినుండి అమ్మాయి ఆ పాటను కాగితముమీద వ్రాసికొనుచున్నది. ఇంకను సగమున్నది.

సోదరీమణులారా, మీ యింటనున్న అమ్మమ్మనో, అత్తగారినో ఈ పూటయే యొక పాట యడుగుడు. గొంతు పోయినదందురు, నమ్మకుడు.