రిమోటు ఎవరి చేతిలో?

పాత రిమోట్లు పోగుచేయడం నాకొక వ్యసనం. టీవీలు పోయాయి, టేపురికార్డర్లు పోయాయి. వాటి రిమోట్లు 11 మాత్రం నా బల్ల సొరుగులో పదిలంగా ఉన్నాయి.

1955లో అమెరికాలో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టార్చిలైటులాంటి పరికరంతో టీవీని నడిపించాడు. ఎండపడినా ఛానలు మారిపోయేదట. 1956లో వచ్చిన రాబర్ట్ ఆడ్లర్ రిమోటులో మీట నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. చెవికందని ఆ ధ్వనే ఆజ్ఞ. బ్యాటరీ అక్కర్లేదు. తర్వాత కంటికి కనబడని పరారుణ కిరణాలు ఆ పనికి దిగాయి.

మనిషికి శ్రమ తగ్గిందనడంలో సందేహం లేదు. అయితే ఏ మనిషికి?

నా సొరుగే సాక్ష్యం. ప్రతిదానిమీదా శబ్దం మీటా, ఛానలు మీటా అరిగిపోయాయి. వాటిని అరగదీసింది నాన్న బొటనవేలు, ఆయన తర్వాత నాది. అమ్మ వంటింటి గడపలో నిలబడి మేం పెట్టిందే చూసేది. తరగతిలో సమానత్వం గురించి గంటలకొద్దీ చెప్పే నాకు, ఇన్నేళ్లూ ఆ గడప కనబడలేదు.

మొన్న అమ్మే అడిగింది: "అన్ని దాచుకున్నావు గదరా, నాకొకటి ఇవ్వరాదూ?"

సిగ్గుపడ్డాను. పనిచేస్తున్నదే ఆమె చేతిలో పెట్టాను. కాసేపు మీటలు తడిమి, నేను వింటున్న వార్తల చర్చ నోరు మూయించింది.

"హమ్మయ్య!" అంది.

ఇప్పుడు ఛానలు మార్చాలంటే నేను అడగాలి. అడగడం ఎంత కష్టమో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.