నూరీ కన్ను

గినీ పిగ్ కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఎండుగడ్డిలో తలదూర్చి తినే జాన్వర్ కదా, పరక గుచ్చుకోవడం మామూలే. మా బిటియా పెంచే నూరీకి అదే అయింది. కుడికన్ను మూసేసింది, నీళ్లు కారాయి, సాయంత్రానికి నల్లగుడ్డు మీద పాలపొర.

అమ్మీ తన మోతియాబింద్ ఆపరేషన్ నాటి చుక్కల సీసా తీసింది. "బేజుబాన్ జాన్, రెండు చుక్కలు వేసెయ్ బేటా." చదివితే స్టెరాయిడ్! వద్దన్నాను. కార్నియా మీద జఖం ఉంటే అది మాననివ్వదు, కన్నే పోవచ్చు.

డాక్టర్ సాబ్ రంగు చుక్క వేసి నీలి లైటు పెడితే జఖం పచ్చగా మెరిసింది. యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. నోటి ద్వారా అమాక్సిసిలిన్ మాత్రం ఈ జాతికి జహర్‌తో సమానమట. అసలు ఫికర్ కడుపుది. నొప్పికి ఒక్కరోజు తిండి మానేసినా జాన్ మీదికొస్తుంది. బిటియా ఇషా నుంచి ఫజర్ దాకా సిరంజీతో నానబెట్టిన దాణా పెట్టింది.

అయిదోరోజుకి పొర పలచబడింది. అమ్మీ సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, పారేయనివ్వదు.