16 నంబర్ సూది

ఎడింబరాలో ఎమ్మెస్సీ చదువుతున్న మా పెదనాన్న కూతురు పోయిన సంక్రాంతికి ఫ్రెండ్‌తో ఒక కవర్ పంపింది. చాక్లెట్లనుకుని చింపాను. లోపల అరగజం గళ్ళ బట్ట. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. దుప్పటి ముక్కేమో అనుకున్నా, అంత మందం. కిల్ట్‌లు కుట్టే షాపులో మిగిలిన ముక్కట. కూడా ఒక మెసేజ్: "బాబాయ్‌ని స్కార్ఫ్ చేసిపెట్టమను. పట్టు పరికిణీల నుంచి ఇంటర్వ్యూ డ్రెస్ దాకా నాకు కుట్టింది ఆయనే కదా."

నాన్న టైలర్. ఈ మాట కాలేజీలో చెప్పడం ఇదే మొదటిసారి. అడ్మిషన్ ఫామ్‌లో తండ్రి వృత్తి అన్నచోట 'బిజినెస్' అని రాశాను. అబద్ధం కాదు, షాపు ఉంది. కానీ ఎందుకలా రాశానో నాకు తెలుసు.

నాన్న బట్టని రెండు వేళ్ళ మధ్య రుద్ది "ఉన్ని. ట్విల్ నేత. ప్యాంటు గుడ్డకి పెద్దన్న" అన్నాడు. తర్వాత కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. "నీలం ఎక్కడ ఆగిందిరా?" అని అడిగాడు. కళ్ళలో శుక్లాలు. తెల్ల చొక్కా మీద నల్ల దారం కనిపిస్తుంది గానీ నలుపు పక్కన నీలం కనిపించదు. మూడు నెలలుగా కొత్త బట్టలు తీసుకోవడం లేదని, ఆల్టరేషన్లతోనే షాపు నడుస్తోందని అప్పుడే తెలిసింది. నేను హాస్టల్లో ఉన్నా కదా, ఫోన్లో అన్నీ బాగానే ఉంటాయి.

"నువ్వు కత్తిరించు. నేను చెప్తా."

ఆ రాత్రి టార్టాన్ గురించి చదివాను (భయమేస్తే చదవడం మనకి అలవాటే). ఇది గజానికి 16 ఔన్సుల రకం, అంటే దాదాపు 450 గ్రాములు. గళ్ళ పేరు బ్లాక్ వాచ్. 1746లో హైలాండ్ మగవాళ్ళు తమ సంప్రదాయ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేసి, 1782లో ఎత్తేశారు. సైన్యానికి మాత్రం మినహాయింపు ఉండేది. ఈ గళ్ళు ఆ సైన్యానివే. నాకు బాగా నచ్చింది మాత్రం డిజైన్‌ని రాసుకునే పద్ధతి. రంగు, పక్కన దారాల లెక్క, మళ్ళీ రంగు, లెక్క. చివరికి వెళ్ళాక అదే వరస వెనక్కి. అచ్చం రన్ లెంగ్త్ ఎన్‌కోడింగ్! పొద్దున్నే నాన్నకి చెప్తే "అంటే గడి మధ్య నుంచి అటూ ఇటూ ఒకటే కదా. చొక్కా జేబు కలిపేటప్పుడు మేం చూసేదీ అదే" అన్నాడు.

పెద్ద గడి మెడ వెనక మధ్యకి రావాలన్నాడు. పన్నెండు అంగుళాల వెడల్పు, బట్ట పన్నా అంతా పొడవు. "కత్తెర నోరు పూర్తిగా మూయకు, మెట్లు పడతాయి." మూశాను. మెట్లు పడ్డాయి. పైగా సగం దూరం వెళ్ళేసరికి గీత దాటి పక్క రంగులోకి వెళ్ళిపోయా. చెప్పకపోతే ఆయనకి కనిపించదు. ఒక్క క్షణం చెప్పకూడదనే అనుకున్నా. చెప్పాను.

"అంచు దారాలు పీకుతూ పో. ఒక్క దారం ఈ కొస నుంచి ఆ కొసకి తెగకుండా వచ్చిందంటే అంచు తిన్నగా అయినట్టే." అర అంగుళం పోయింది, గీత దొరికింది.

మిషన్ మీద మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. 16 నంబర్ సూది ఎక్కించమని నాకిచ్చి, అంచుకి ఫుట్ ఆనించి, వేలితో తడుముతూ రెండు పొడుగు వైపులా కుట్టు లాగేశాడు. ఎక్కడా వంకర లేదు.

కొసలకి అమ్మ వచ్చింది. అడ్డ దారాలు మూడంగుళాల మేర పీకేశాం. మిగిలిన వాటిని రెండు పాయలు చేసి, రెంటికీ ఒకే వైపు పురి పెట్టి, కలిపి ఎదురు వైపు తిప్పి ముడేయాలి. వదిలేసినా విడిపోవు. చీర కొంగుకి కుచ్చులు కట్టిన చెయ్యి కదా, నేను ఒకటి కట్టేలోపు అమ్మ నాలుగు కట్టేసింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాం.

అక్క వీడియో కాల్‌లో మెడకి చుట్టుకుని చూపించింది. నాన్న ఫోన్ దగ్గరగా పెట్టుకుని "బాగుందమ్మా" అన్నాడు. ఆయనకి ఎంత కనిపించిందో తెలీదు. మిగిలిన ముక్క, నేను కత్తిరించిన రెండో అంచుతో సహా, మిషన్ సొరుగులో దాచాడు.

ఆపరేషన్ వచ్చే నెల. "కట్లు విప్పాక మొదట అది తీసి చూస్తా, నువ్వెంత వంకరగా కత్తిరించావో" అంటున్నాడు.